దలీల్ లేని దర్ద్

మా ముదిగొండకు ధర్నా ఎవరూ నేర్పనక్కర్లేదు. 2007 జులై 28న భూమి అడిగిన పాపానికి పోలీసు కాల్పుల్లో ఏడుగురు నేలకొరిగిన ఊరిది. రోడ్డెక్కడం తెలుసు, జల్సా పెట్టడం తెలుసు, తక్రీర్లు దంచడం ఇంకా బాగా తెలుసు. హైకోర్టులో నిలబడి బహస్ చేయడం మాత్రం మన పిల్లలకు ఎవరు నేర్పారు?

అదే 2007లో ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరి 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏడుగురు జడ్జీల బెంచ్ దాన్ని కొట్టేసింది. ఐదుగురు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత మన అమ్మాయిలు ఈ కోటాలో మెడికల్ కాలేజీ గడప తొక్కారంటే ఆ ఉత్తర్వు నీడనే. అంతకుముందు 5 శాతం కోటా 2004లో ఒకసారి, 2005లో ఇంకోసారి అదే హైకోర్టులో పోయింది.

మూడుసార్లు! ప్రతిసారీ మన మాట ఒకటే: "జడ్జీలకు మనమంటే పడదు." సరే, ఆ ఫైసలా చదివినవాళ్లు ఎందరు? 2010లో కోర్టు వేలెత్తి చూపింది బీసీ కమిషన్ సర్వే మీద. ఎవరిని లెక్కించారు, ఏ కొలతతో వెనుకబాటు తేల్చారు అని నిలదీసింది. అప్పీలుకు వెళ్లాక కొత్త గవాహీ తెస్తానంటే మామూలుగా కుదరదు భాయ్. కింద రికార్డులో ఏముందో దాని మీదే వకీల్ నిలబడాలి. రికార్డుకెక్కని దర్ద్ పై కోర్టుకు వినబడదు.

ఈ ఇల్మ్ నేర్పడానికే లా కాలేజీల్లో మూట్ కోర్ట్ పెట్టారు. ఉత్తుత్తి ముఖద్దమా, అసలు వాదన. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో ఏడాదికి మూడు మూట్లు ఉన్నాయి, ఒక్కోదానికి 10 మార్కులు: రాతకు 5, నోటి వాదనకు 5. నేను చూసినంతలో చాలామందికి అది సీనియర్ల రికార్డు చూసి ఎక్కించే హోంవర్కు. ఆ 10 మార్కులూ పడిపోతాయి, నోరు మాత్రం పెగలదు.

"వకీల్ పనంటే ఝూట్ కదా" అనే బుజుర్గులకు ఒక సంగతి గుర్తు చేస్తాను. ఇంకా జరగని మసలాను ఊహించి, జరిగితే ఫైసలా ఏమిటని కూఫాలో షాగిర్దులతో బహస్ చేయించింది మన ఇమామ్ అబూ హనీఫానే. ఆ షాగిర్దుల్లో అబూ యూసుఫ్ ఎన్నో మసాయిల్‌లో ఉస్తాద్‌తోనే విభేదించారు, తర్వాత హారూన్ రషీద్ కాలంలో ఖాజీ-ఉల్-ఖుజాత్ అయ్యారు.

అందుకే నా పట్టుదల: మన పిల్ల 4 శాతానికి వ్యతిరేకంగా కూడా వాదించాలి. ఇంకో పిల్ల జడ్జి కుర్చీలో కూర్చుని, కారణాలతో ఫైసలా రాయాలి. కౌమ్‌కు గద్దారీ అంటారా? రెండో పక్షం మాట వినకుండా ఫైసలా ఇవ్వొద్దని హజ్రత్ అలీని యమన్ పంపేటప్పుడు రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పలేదా? అవతలి వకీల్ ఆ దలీళ్లన్నీ ఎలాగూ తెస్తాడు. వాటిని మన పిల్లలు మొదటిసారి కోర్టు హాల్లోనే వినాలా?

నెలకో ఆదివారం షాదీఖానా ఇవ్వండి. ఖమ్మం బార్‌లో ఉన్న మన వకీళ్లు ఒక పూట రండి. వాదన తెలుగులోనే సాగనివ్వండి, ఇంగ్లీషు తర్వాత పట్టుబడుతుంది. మొదటి ముఖద్దమా 2010 ఫైసలా. ఎవరిది ఏ పక్షమో చీటీలు వేసి తీద్దాం.