స్తంభమునకు నోరు లేదు

2022 ఏప్రిల్ 4వ తేదీన మా చోడవరము విశాఖపట్టణము జిల్లానుండి అనకాపల్లి జిల్లాకు మాఱినది. ఊరు అంగుళమైనను కదలలేదు, చెఱకుబండ్లు గోవాడ మిల్లుత్రోవ మఱువలేదు, గాని చిరునామా పాతబడినది. ఇట్లే టెలికాం పరికరముల జాబితాలును నిశ్శబ్దముగ పాతబడుచుండును.

దూరమునుండి పర్యవేక్షించు వ్యవస్థ కొన్ని నిమిషములకొకమాఱు ప్రతి స్విచ్చును, ప్రతి రూటరును కుశలమడుగును. ఆపద కలిగినచో పరికరమే ముందుగ మొఱపెట్టుకొనును. లోనున్న కార్డు తన సంఖ్యను తానే చెప్పుకొనును. స్తంభమునకు మాత్రము నోరు లేదు. ఏ ఫైబరు ఏ స్తంభముమీదుగ పోవుచున్నదో మనుష్యుడే వ్రాయవలెను. మన రాష్ట్రమున ఫైబర్‌నెట్ తీగలు విద్యుత్ స్తంభములమీదుగ సాగుచున్నందున, ఒక శాఖవారు స్తంభము మార్చినచో వేఱొకరి పటము తప్పగును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును తాకినపుడు స్తంభములు వేలకొలది నేలకూలినవి. అట్టి విపత్తులో అందిన స్తంభమునకు తీగ చుట్టుట దోషము కాదు. పిమ్మట దానిని నమోదు చేయకుండుటయే దోషము.

మొన్నటి వానలలో మా వీధికి ఫైబరు బాగుచేయ వచ్చిన పనివాడు ఫోనులోని పటము చూచుచు, రోడ్డు వెడల్పులో ఏనాడో తీసివేసిన స్తంభమునకై అరగంట వెదకెను. కడకు టీకొట్టు ముసలయ్య, "అది లేదు నాయనా, తీగల పెట్టె ఆ వేపచెట్టు వెనకుంది" అని చూపెను.

పటము దిద్దనిదే మరమ్మతు బిల్లు మంజూరు చేయరాదని నా పక్షము. అంతవఱకు ముసలయ్య కొట్టు మూయకుండిన చాలును.