కొలిచే చోటు కూడా కొలతలో భాగమే

వానాకాలంలో కృష్ణకు వరద వస్తే మన జిల్లాల్లో అందరి నోటా జూరాల మాటే. ఇన్ని వేల క్యూసెక్కులు వచ్చాయి, ఇన్ని వేలు వదిలారు అని చెప్పుకుంటాం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. "ఎంత?" అని అందరం అడుగుతాం. "ఎక్కడ కొలిచారు?" అని అడిగేవారు తక్కువ. కాలువ మొదట్లో కొలిచిన నీరు దారిలో గండిపడి పోతే చివరి పొలానికి చేరదు. అయినా మొదట్లో వేసిన లెక్క మాత్రం మారదు.

విద్యార్థులారా! ఈ చిక్కు నేటి మోటారు కార్లలోనూ ఉంది. పెబ్బేరు మీదుగా బీచుపల్లి వంతెన దాటే కార్లలోనూ, మన్ననూరు నుంచి దోమలపెంట వైపు నల్లమల ఘాటు ఎక్కే జీపుల్లోనూ చాలావాటికి టర్బో ఉంటుంది. ఇంజను వదిలే పొగ వేగానికి ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి ఈ ఆలోచనకు 1905లో పేటెంటు కోరాడు.

ఒక గ్రాము పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. అందువల్ల లోపలికి వచ్చే గాలి ద్రవ్యరాశి ఇంజనులోని కంప్యూటరుకు తెలియాలి. కొన్ని కార్లలో పీడనాన్ని, ఉష్ణోగ్రతను బట్టి దాన్ని లెక్కగడతారు. మరికొన్నింటిలో గాలి దారిలో సన్నని వేడి తీగనో, పలుచని వేడి పొరనో అమరుస్తారు. గాలి ఎక్కువగా వీచేకొద్దీ అది ఎక్కువ వేడిని కోల్పోతుంది. దాన్ని మళ్ళీ వేడిగా ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి గాలిని లెక్కిస్తారు. తడివేలిపై ఊదుకోండి, సూత్రం మీకే తెలుస్తుంది.

ఈ సెన్సరు ఎంత గాలిని కొలవగలగాలి? 1.2 లీటర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది కనుక నిమిషానికి 1800 లీటర్లు, అంటే సెకనుకు 30 లీటర్లు. లీటరు గాలి బరువు దాదాపు 1.2 గ్రాములు. కాబట్టి సెకనుకు 36 గ్రాములు. టర్బో గాలి సాంద్రతను రెట్టింపు చేస్తే 72 గ్రాములు. అదే ఇంజను నిలకడగా ఊరికే తిరిగేటప్పుడు రెండు మూడు గ్రాములే చాలు. ఇంత తేడాను ఒకే సెన్సరు కొలవాలి. గొట్టం మరీ సన్నమైతే ఎక్కువ గాలి వచ్చినప్పుడు సెన్సరు హద్దు దాటిపోతుంది, పైగా గాలికి అడ్డవుతుంది. మరీ లావైతే తక్కువ గాలి జాడే సరిగా తెలియదు.

ఇంకో సంగతి. 60 మిల్లీమీటర్ల గొట్టం తీసి, "బలం పెరుగుతుంది" అని 75 మిల్లీమీటర్లది వేసి, పాత సెన్సరునే అందులో బిగించారనుకోండి. వైశాల్యం 1.56 రెట్లయింది. అంతే గాలి పోయినా వేగం 64 శాతానికి పడిపోతుంది. గాలి తగ్గిందని సెన్సరు చెబుతుంది, కంప్యూటరు పెట్రోలు తగ్గిస్తుంది. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమంతో బరువు లాగితే ఇంజను దెబ్బతినవచ్చు.

ఇక చోటు. సాధారణంగా సెన్సరును ఎయిర్‌ఫిల్టరుకు, టర్బోకు మధ్య పెడతారు. టర్బో దాటాక గాలి బాగా వేడెక్కుతుంది. వంపు పక్కనే పెట్టినా చిక్కే. కాలువ మలుపులో నీరంతా ఒకే వేగంతో పోనట్టే, గొట్టం వంపులో గాలీ సమంగా పోదు. తీగకు తగిలేది అందులో కొంత గాలే కదా!

ఇప్పుడు గండి సంగతి చూడండి. టర్బో తర్వాత గొట్టం చిల్లిపడితే, నొక్కిన గాలి బయటికి పోతుంది. సెన్సరు లెక్కించిన గాలి సిలిండరుకు చేరదు. ఇంధనం ఎక్కువై నల్లపొగ వస్తుంది. అదే చిల్లి సెన్సరుకు, టర్బోకు మధ్య పడితే బయటి గాలి లోపలికి వస్తుంది. లెక్కలో లేని గాలి చేరి ఇంధనం తక్కువవుతుంది. దానితోపాటు నడిగడ్డ రోడ్ల దుమ్మూ చేరుతుంది. చిల్లి ఒకటే, చోటు మారితే ఫలితం తారుమారు!

నా వాదన ఇదే. బండి నల్లపొగ వదలగానే "సెన్సరు పోయింది" అనడం తేలిక. కొత్తది కొంటారు, పొగ మాత్రం ఆగదు. పాత సెన్సరు తన ముందు నుంచి పోయిన గాలిని నిజంగానే చెప్పి ఉండవచ్చు. డబ్బు వృథా, ఆ పొగ పీల్చేది రోడ్డు పక్కన నడిచే మనం. పనిముట్టును తప్పుపట్టే ముందు దాని పరిమాణాన్ని, చోటును, దాని తర్వాతి దారిని చూడాలి.

ఇది ఇంజనీరింగు చదువులో నేర్చుకునేది కదా అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. పై లెక్కలకు వృత్త వైశాల్యం, సాంద్రత తెలిస్తే చాలు. రేపు మీలో కొందరు వనపర్తి పాలిటెక్నిక్‌లో చేరతారు, కొందరు గద్వాల, నాగర్‌కర్నూల్ షెడ్లలో పానా పడతారు. ఈ అలవాటు అప్పుడు నేర్పితే ఆలస్యమవుతుంది. మన ప్రయోగాల రికార్డులో "రీడింగు" అనే గడి ఉంటుంది. దాని పక్కనే "ఎక్కడ కొలిచాను? ఎందుకక్కడ?" అనే గడి కూడా ఉండాలి. థర్మామీటరు బీకరు అడుగుకు తగిలిందా, నీటి మధ్యలో ఉందా అన్నది రాయని విద్యార్థి అంకె మాత్రమే రాశాడు, కొలత రాయలేదు.

పెద్దవారిని వెంటబెట్టుకుని ఒక చిన్న పంటకాలువ దగ్గరికి వెళ్ళండి. ఎండుటాకును మధ్యలో ఒకసారి, ఒడ్డు పక్కన ఒకసారి వదిలి, అయిదు మీటర్లు పోవడానికి పట్టిన సెకన్లు రాయండి. రెండు అంకెలూ నిజమే. అయితే కాలువలో పారే మొత్తం నీటిని ఏ అంకెతో లెక్కకడతారు? మీ సైన్సు టీచరుతో వాదించి తేల్చండి.