మళ్లీ ఆ 60 నిమిషాలు

దసరా సెలవుల్లో ఒకరోజు మా ఏడో తరగతి అబ్బాయి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. "ఎప్పుడు చూసినా ఆటలేనా?" అని కోప్పడ్డాను. వాడు అరవలేదు. "నువ్వు చిన్నప్పుడు వీడియో గేమ్ ఆడలేదా అమ్మా?" అని మాత్రం అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే, ఆడాను.

1996లో ఇంటర్ పరీక్షలు రాసి, ఎంసెట్ ర్యాంకు కోసం ఎదురుచూస్తూ గుంటూరులో కంప్యూటర్ కోర్సులో చేరాను. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్లాలి. సార్ అలా బయటికి వెళ్లగానే ఎవరో ఒకరు ఫ్లాపీ పెట్టేవారు. తెర మీద 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' వచ్చేది. చెరసాలలో పడ్డ కుర్రాడు 60 నిమిషాల్లో బయటపడి రాకుమారిని కాపాడాలి. నేనెప్పుడూ మూడో లెవెల్ దాటలేదు. అక్కడ లేచి నిలబడే అస్థిపంజరాన్ని చూస్తే భయం. అప్పట్లో నాకది దొంగచాటు కాలక్షేపం, అంతే.

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్‌లో అదే ఆట వెతికి, ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. బొమ్మలు చూసి మావాడు నవ్వాడు. ఐదు నిమిషాల్లో నాలుగుసార్లు ముళ్ల మీద పడ్డాడు. "కాయిన్స్ ఎక్కడున్నాయి? యాడ్ చూస్తే ఇంకో లైఫ్ ఇస్తుందా?" అని అడిగాడు. ఇవ్వదు. కొనుక్కోవడానికి కూడా ఏమీ ఉండదు. చనిపోతే ఆ లెవెల్ మళ్లీ మొదటి నుంచి ఆడాలి. గడియారం మాత్రం వెనక్కి తిరగదు.

పదోసారి పడేసరికి నా చెయ్యి కీబోర్డ్ మీదకి వెళ్లింది. "ఇటివ్వు, నేను చూస్తా" అన్నాను. "ఉండమ్మా, ఎందుకు పడుతున్నానో తెలుస్తోంది" అన్నాడు. షిఫ్ట్ నొక్కి ఒక్కో అడుగు వేస్తే అంచు దాకా వెళ్లి ఆగవచ్చని, కదిలే పలక మీద నిలబడకూడదని వాడంతట వాడే కనిపెట్టాడు. స్లిప్ టెస్టులో రెండు మార్కులు తగ్గితే, ఎందుకు తగ్గాయో వాడు చెప్పేలోపే నేను తిట్టడం మొదలుపెడతాను. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

పద్దెనిమిదేళ్ల వయసులో నాకు తెలియని విషయాలు ఇప్పుడు ఆ ఆటలో కనిపించాయి. 1989లో అమెరికాలో వచ్చిన ఈ ఆటను జోర్డాన్ మెక్నర్ అనే యువకుడు సుమారు నాలుగేళ్లు కష్టపడి తయారుచేశారు. తమ్ముడు డేవిడ్‌ను పరుగెత్తించి, గెంతించి వీడియో తీశారు. ఆ కదలికలను ఫ్రేము ఫ్రేముగా చూస్తూ బొమ్మలు గీశారు. సంగీతం వాళ్ల నాన్నగారిది. 2012లో ఆ నాన్నగారి ఇంట్లో పాత ఫ్లాపీల పెట్టె దొరికితే, అందులోని కోడ్‌ను మెక్నర్ అందరూ చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇదంతా చెబితే మావాడు "అంటే వాడు నిజంగా పరిగెత్తాడా?" అని మళ్లీ శ్రద్ధగా చూశాడు.

ఇందులో నాకు బాగా నచ్చింది నీడ కథ. ఆ కంప్యూటర్ మెమరీలో, ఇప్పుడు మన ఫోన్ కెమెరా తీసే ఒక్క ఫొటో కూడా పట్టదు. శత్రువుకు వేరే బొమ్మలు గీసేందుకు చోటు లేక, మెక్నర్ రాకుమారుడి బొమ్మలనే మార్చి ఒక నీడను పుట్టించారు. అద్దంలోంచి దూకినప్పుడు బయటికొచ్చిన ఆ నీడ ఆట పొడవునా అడ్డుపడుతుంది. చివరికి పన్నెండో లెవెల్లో కత్తి దూసి ఎదురు నిలబడుతుంది. మావాడు దాన్ని పొడిచాడు. వాడి లైఫే తగ్గింది. మళ్లీ పొడిచాడు, మళ్లీ తగ్గింది. కాసేపు ఆలోచించి, కత్తి దించి ముందుకు నడిచాడు. ఇద్దరూ ఒకటైపోయారు. వాడు ఎగిరి గంతేశాడు. నాకు మాత్రం ఫోన్ లాక్కున్న రోజు గుర్తొచ్చింది.

పాతవన్నీ మంచివని, కొత్తవన్నీ చెడ్డవని నేను అనను. ఎగ్జిబిషన్లలో నాణెం మింగే ఆటలు మా రోజుల్లోనూ ఉండేవి. పిల్లలు బుర్రపెట్టి ఇళ్లు, ఊళ్లు కట్టే ఆటలు ఇప్పుడూ ఉన్నాయి. నిద్ర, కళ్లు, హోంవర్క్ గురించి మన భయం కూడా న్యాయమైనదే. గంటలకు హద్దు ఉండాల్సిందే. కానీ మనం గంటలు మాత్రమే లెక్కపెడుతున్నాం. ఆ ఆట పిల్లవాడిని ఏం అడుగుతోంది? ఆలోచన అడుగుతోందా, డబ్బు అడుగుతోందా? దానికి ముగింపు ఉందా, లేక రేపు కూడా రమ్మని పిలుస్తూనే ఉంటుందా? ఇవి తెలియాలంటే పక్కన కూర్చుని చూడాలి. ఫోన్ లాక్కుంటే తెలియవు.

ఈ ఆదివారం ఒక అరగంట కూర్చోండి. మీ అబ్బాయినో అమ్మాయినో తన ఆట మీకు నేర్పమనండి. తర్వాత మీ చిన్నప్పటి ఆట ఒకటి చూపించండి. ఈ ఆటే అయితే ఇందులో ముళ్లు, కత్తులు, కొంచెం రక్తం ఉన్నాయి కాబట్టి, చిన్న తరగతుల పిల్లలకు చూపించే ముందు మీరు ఒకసారి ఆడి చూడండి.

అన్నట్టు, మేం గెలవలేదు. పన్నెండో లెవెల్ పూర్తికాకుండానే మా 60 నిమిషాలు అయిపోయాయి. మావాడు నిరాశపడతాడేమో అనుకున్నాను. "మొదటి నుంచి ఆడదాం అమ్మా, ఈసారి అస్థిపంజరం నీది" అన్నాడు.