ర్యాలీ డ్రైవరని ఎవరినంటాం?

సూర్యాపేట దాటి కోదాడ వైపు పోతున్న బస్సులో ఉన్నాను. లారీకీ డివైడరుకూ నడుమ సందులోంచి ఓ కారు దూసుకుపోయింది. పక్కసీటాయన మురిసిపోతూ "ర్యాలీ డ్రైవరండీ!" అన్నారు. ఈ పొగడ్త మీద నా కోపం ఈనాటిది కాదు.

గౌరవ్ గిల్ సంగతే చూడండి. 2013, 2016, 2017లలో ఆసియా పసిఫిక్ ర్యాలీ విజేత. 2019లో మోటారు క్రీడల నుంచి అర్జున పురస్కారం పొందిన తొలి వ్యక్తి. అది తెగింపుతో వచ్చిన వేగం కాదు. పోటీకి ముందే ఆ దారిని నెమ్మదిగా తిరిగి ప్రతి మలుపునూ రాసుకుంటారు. ఆ రాతను కో-డ్రైవరు క్షణం తప్పకుండా చదువుతాడు. పైగా అది ఇతరులకు మూసిన రోడ్డు. ఒక దశ నుంచి మరో దశకు మామూలు రోడ్డు మీద వెళ్ళేటప్పుడు ట్రాఫిక్ నియమం తప్పితే శిక్ష (మనవాళ్ళకిది వింతగా తోచవచ్చు!). ఇంత కట్టుదిట్టంలోనూ 2019 సెప్టెంబరులో బార్మేర్ జిల్లాలో పోటీదారిలోకి మోటారుసైకిలు రాగా, గిల్ కారు ఢీకొని ముగ్గురు మరణించారు.

మరి మూయని మన దారులో? 2009లో సూర్యాపేట దగ్గర జూనియర్ ఎన్టీఆర్ గాయపడ్డారు. 2014లో కోదాడ సమీపాన ఆకుపాముల వద్ద జానకిరామ్ మరణించారు. నాడు చైతన్యరథాన్ని నడిపిన హరికృష్ణగారు 2018లో, మిర్యాలగూడ మీదుగా సాగే అద్దంకి రహదారిపై, అన్నెపర్తి వద్ద పోయారు. సీటుబెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అంతటి చేయితిరిగిన చోదకుడు!

మునగాలలో దిగబోతున్న పక్కసీటాయనను అడిగాను: "ఆ సందులో మీ అబ్బాయి బండి ఉండుంటే ఏమనేవారండీ?"

సంచి తీసుకుని దిగిపోయారు.