పువ్వు కోసం ఇంట్లో పురుగుమందా?

మన సాఫ్టువేరు జనాలకి ఒక జబ్బుంది. ఆఫీసులో ఎవడైనా లాగ్ చూడకుండా ప్రొడక్షన్లో ప్యాచ్ వేస్తే వాడిని కూర్చోబెట్టి గంటసేపు క్లాసు పీకుతాం. అదే ఇంటికొచ్చాక బాల్కనీలో మొక్క ఆకు పసుపెక్కితే ఎందుకెక్కిందని చూడం. సీసా తీసి కొట్టేస్తాం. ఎవరినో అనడం ఎందుకు, నేనూ ఆ బాపతే.

గృహప్రవేశానికి ఎవరో ఫలెనాప్సిస్ ఆర్కిడ్ ఇచ్చారు. రెండు నెలలు భలే పూసింది. పూలు రాలాక ఆకుల మొదట్లో దూదిలా తెల్లగా పిండినల్లి కనిపించింది, ఆకులు కూడా వాలిపోయాయి. నర్సరీ అతనికి ఫోటో చూపిస్తే లేబుల్ లేని చిన్న ప్లాస్టిక్ సీసాలో ఏదో పోసిచ్చి, "లీటరుకి రెండు మూతలు సార్, దెబ్బకి పోతుంది" అన్నాడు. అదేం మందని నేను అడగలేదు. ఊరికే వచ్చే లైబ్రరీకి కూడా లైసెన్సు చదివే మనిషిని, ఇంట్లోకి తెచ్చే విషానికి పేరడగలేదు! మూడు ఆదివారాలు శ్రద్ధగా కొట్టాను.

తర్వాత ఊరి నుంచి అమ్మ వచ్చింది. మాది వరంగల్ వైపు. బాల్కనీ తలుపు తీసి అక్కడే ఆగిపోయింది. "ఏందిరా ఈ వాసన? పత్తికి కొట్టే మందు లెక్కనే ఉంది" అంది. ఆర్కిడ్ పక్కన జానెడు దూరంలో తులసి కుండీ. ఆ పొద్దున పాపకి దగ్గని కషాయంలో వేసింది ఆ తులసాకులే.

పాపకేమీ కాలేదు. అది నా అదృష్టం, నా తెలివి కాదు.

మా వైపు ఆ వాసన తెలియని ఇల్లుండదు. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నది పురుగుమందు తాగే. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద కొట్టకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది. అయినా 2013లో బీహారు సారణ్ జిల్లాలో ఆ మందు కలిసిన నూనెతో వండిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. కంపెనీ డబ్బా మీదైతే కనీసం రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపంటే అన్నిటికన్నా ఘోరం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. నా సీసా మీద ఆ త్రికోణమూ లేదు.

రైతు మందు కొట్టడం వెనక అప్పుంది, పంట పోతే ఏడాదంతా ఏం తినాలన్న భయముంది. మనకేముంది? హాల్లో అందంగా కనిపించే నాలుగొందల రూపాయల పువ్వు. పోతే పోనివ్వండి మహాప్రభో!

ఇంతా చేస్తే, నా మొక్క వాలిపోయింది పురుగు వల్ల కాదు. కుండీ తిరగేసి చూస్తే సగం వేళ్ళు నల్లగా, మెత్తగా కుళ్ళిపోయి ఉన్నాయి. ఆర్కిడ్లలో చాలా జాతులు మట్టిలో పెరిగేవి కావు, చెట్టు కొమ్మల్ని పట్టుకుని బతికేవి. మన తూర్పు కనుమల్లో వాండా టెస్సెల్లాటా అలాగే బతుకుతోంది, దానికెవడు స్ప్రే కొడుతున్నాడు? వాటి వేళ్ళ మీద స్పాంజిలాంటి పొర ఉంటుంది. వానకి తాగుతుంది, గాలికి ఆరుతుంది. ఆరాలి కూడా. నేనేమో నాచు కుక్కిన కుండీలో రోజూ గ్లాసు నీళ్ళు పోశాను. అదీ రూట్ కాజు, అక్షరాలా.

కుళ్ళిన వేళ్ళు కోసేసి, కోసిన చోట మాత్రం దాల్చినచెక్క పొడి అద్దాను (మంచి వేళ్ళకి తగిలితే ఎండగొడుతుంది, జాగ్రత్త). పక్కలంతా చిల్లులున్న కుండీలో బెరడు ముక్కలు, కట్టెబొగ్గు వేసి నాటాను. ఇప్పుడు వేరు వెండిరంగుకి తిరిగాకే నీళ్ళు, అవీ పొద్దున పూటే. ఆకుల మధ్య సుడిలో నీళ్ళు నిలిస్తే టిష్యూతో అద్దేస్తాను, లేకపోతే అక్కడే కుళ్ళుతుంది. ఆర్వో మెషీను వదిలేసే నీళ్ళు మాత్రం పోయకండి, అందులో ఉప్పు ఎక్కువ.

మరి పురుగు? బాగున్న మొక్కకీ వస్తుంది, కాదనను. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో ఇయర్ బడ్ ముంచి ఒక్కొక్కదాన్నీ తుడిచేశాను, పొయ్యికి దూరంగా కూర్చుని. గుడ్లు మళ్ళీ పొదుగుతాయి కాబట్టి వారానికోసారి, నాలుగు వారాలు. ఒక్కసారి చేసి "పనిచెయ్యలేదు" అనేవాళ్ళతో నాకు వాదన లేదు. వేపనూనె కొట్టేవాళ్ళు లీటరు నీటికి 5 మి.లీ. నూనె, కాస్త లిక్విడ్ సోపు కలిపి, ముందు ఒక ఆకు మీద చూసుకుని, ఎండ పోయాకే కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

అన్నట్టు "నేచురల్" అనగానే కళ్ళు మూసుకోకండి. పొగాకు కషాయం కొట్టమని నాకు ఇద్దరు సలహా ఇచ్చారు. నికోటిన్ కూడా విషమే, చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన మంచిదైపోదు.

"అంత టైమెక్కడిది బాసూ" అంటారా? శనివారం పొద్దున పది నిమిషాలు, మీ స్టాండప్ మీటింగు కన్నా తక్కువే. అది కూడా కుదరకపోతే ప్లాస్టిక్ పూలు దొరుకుతాయి.

తులసిని మట్టితో సహా తీసేశాను. అమ్మ కొత్తది వేరే వైపు బాల్కనీలో నాటింది. ఆర్కిడ్‌కి మొన్న కొత్త ఆకు వచ్చింది, పువ్వు ఇంకా లేదు. సీసాలో మిగిలిన మందేం చెయ్యాలని నర్సరీ అతన్ని అడిగితే నవ్వి, "సింకులో పోసేయండి సార్" అన్నాడు. పొయ్యలేదు. రెండు కవర్లలో చుట్టి, పేరు రాసి, అటక మీద తాళం వేసి పెట్టాను. ఇంకా అక్కడే ఉంది.