ఇల్లాలికి కాల్షీటు లేదా?



పోయిన ఆదివారం ఆరాధనలో ఒక సోదరుడు లేచి సాక్ష్యమిచ్చాడు. వారంలో ఆరు సాయంత్రాలు ప్రభువు సేవలోనే గడుపుతున్నాడట. ఇంటి ముఖం చూడడానికే తీరిక చిక్కడం లేదట. సంఘమంతా "హల్లెలూయా" అన్నది. స్త్రీల వరుసలో కూర్చున్న ఆయన భార్య మాత్రం తలవంచుకొని కొంగు అంచు మడతపెడుతూ ఉండిపోయింది. ఆ హల్లెలూయాకు నా అభ్యంతరం తెలుపుకోవడానికే ఈ టపా.

మా బోరబండలో తీరిక అరుదైన వస్తువు. కృష్ణానగర్, ఫిలింనగర్ దాపున ఉండడం వల్ల ఇక్కడ ఎన్నో ఇళ్ళు సినిమా పనిమీద బ్రతుకుతాయి. తెల్లవారకముందే షూటింగుకు వెళ్ళిన లైట్‌మ్యాన్ ఏ రాత్రికి తిరిగివస్తాడో తెలియదు. భార్య జూబ్లీహిల్స్ ఇళ్ళలో పనిచేసి అలసి వస్తుంది. ఇద్దరూ ఇంట ఉండే సాయంత్రాలు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. ఆ కాసిని సాయంత్రాలనూ బైబిల్ స్టడీ, ఉపవాస కూటము, గృహకూటము, రాత్రి ప్రార్థన అంటూ మనమే తీసుకుంటున్నాము. పైగా వేదిక మీద నిలబడి దాంపత్యంలో అన్యోన్యతను గురించి ప్రసంగిస్తాము!

"దేవుని పని ముందు, ఇల్లు తరువాత" అనే సూత్రం ఏ లేఖనంలోనిది? క్రొత్తగా పెండ్లాడినవానిని ఏడాదిపాటు యుద్ధానికి పంపరాదనీ, ఏ వ్యవహారభారమూ అతనిపై మోపరాదనీ ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం శాసించింది. ఎందుకు? ఇంట ఉండి భార్యను సంతోషపెట్టడానికి! సైన్యానికే అడ్డుచెప్పిన ధర్మశాస్త్రం మన కమిటీ మీటింగుకు తలవంచుతుందా? కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో పౌలు మరింత స్పష్టంగా చెప్పాడు. దంపతులు ప్రార్థన కోసం ఎడబాటు పాటించినా అది ఉభయుల సమ్మతితో, కొంతకాలమే ఉండాలి. మన రాత్రి ప్రార్థనలకు భార్యల సమ్మతి అడిగినదెవరు?

తెలుగు పండితుణ్ణి గనుక విలియం కేరీ పేరు నాకు పూజ్యం. 1814లో శ్రీరాంపురం నుంచి తెలుగు భాషకు వ్యాకరణం ప్రకటించిన మహానుభావుడాయన. కాని 1793లో ఆయన వెంట అయిష్టంగానే ఓడ ఎక్కిన భార్య డొరొతీని మనలో ఎందరు తలచుకుంటారు? మరుసటి ఏడే పసివాడైన కొడుకు పీటరు మరణించాడు. ఆమె మతి చలించింది. 1807లో కన్నుమూసేవరకు కోలుకోలేదు. ఆ వ్యాధికి కేరీయే కారణమనడం అన్యాయం. ఆయన ఆమెను విడిచిపెట్టనూ లేదు. నా తగవు ఆయనతో కాదు. ఆమె ఊసెత్తకుండా ఆ కథను విజయగాథగా మాత్రమే చెప్పుకునే మనతో.

"ఏకాంతం డబ్బున్నవారి ముచ్చట, ఒంటిగది ఇంట్లో అదెక్కడ?" అంటారు. నేను విహారయాత్రలు అడగడం లేదు. కలిసి భోంచేయడానికి, టీవీ కట్టేసి, ఫోను ప్రక్కనపెట్టి అరగంట మాట్లాడుకోవడానికి, ఇద్దరే ఒక చిన్న ప్రార్థన చేసుకోవడానికి ఒంటిగది చాలు. అయితే ఆ అరగంట దానంతట అది రాదు. నిర్మాతకు కాల్షీటు ఇచ్చినట్లు ఇల్లాలికీ రోజు, వేళ నిశ్చయించి ఇవ్వాలి. ఇచ్చిన మాట తప్పరాదు.

ఇది నీతులు చెప్పే గొంతు కాదు, నష్టపోయినవాని గొంతు. పగలు బడికి, సాయంత్రాలు సంఘపెద్దరికానికి ధారపోసినవాణ్ణి నేను. పదవీ విరమణ చేసిన మరునాడు మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తూ "ఇక మనం ఏం మాట్లాడుకుందామండీ?" అని అడిగింది. ద్వంద్వ సమాసంలో ఉభయపదాలూ ప్రధానమేనని ఏటేటా బోధించిన నాకు జవాబు దొరకలేదు.

సంఘపెద్దలకు నా విన్నపం ఒక్కటే. వారంలో ఒక సాయంత్రం మందిరానికి తాళం వేయండి. ఆనాడు ఏ కూటమూ వద్దు. దంపతులను ఇళ్ళకు పంపండి. కాదనేవారు లేఖనం చూపి వ్యాఖ్యలలో వాదించండి, నేను సిద్ధమే. అయితే వ్యాఖ్య వ్రాసేముందు ఒకసారి మీ ఇల్లాలిని కూడా అడిగి రండి.