లార్డ్స్ గుడి తలుపులు

ఇంగ్లండు, ఆస్ట్రేలియా ఆడవాళ్ల జట్ల మధ్య యాషెస్ పోటీ 2025 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. ఒక టెస్టు, మూడు వన్డేలు, మూడు ట్వంటీ-ట్వంటీలు. ఏడుకి ఏడూ ఆస్ట్రేలియావే. పాయింట్లు 16, ఇంగ్లండుకు గుండుసున్న. ఇంగ్లండు ఎందుకింత చిత్తుగా ఓడిందని అక్కడి పేపర్లు బోలెడు రాశాయి.

ఆ తెల్లోళ్ల ఆటతో మనకేం పని అనే మిత్రులుంటారు. మన వాడల్లో పిల్లలు టెన్నిస్ బంతి పట్టుకుని పొద్దుగూకే దాకా ఆడేది ఆ ఆటే గదా! కాబట్టి ఎవరు గెలిచారన్నది పేపర్లకు వదిలేద్దాం. గేటు లోపలికి ఎవర్ని రానిచ్చారు, ఎవర్ని ఆపారు అన్నది మనం మాట్లాడుకుందాం. ఆటలో ఆ రెండు దేశాలూ బద్ధశత్రువులు. గేటు దగ్గర మాత్రం రెండింటిదీ ఒకటే మాట.

1934లో ఇంగ్లండు ఆడజట్టు ఓడెక్కి ఆస్ట్రేలియా పోయింది. ఆడవాళ్ల టెస్టు క్రికెట్ అక్కడే మొదలయింది. ఓడ ఖర్చు ఎవరిది వాళ్లే పెట్టుకున్నారు. మగవాళ్లు మాదే అనుకున్న మైదానంలోకి తోసుకుపోయిన ఆ ఆడవాళ్ల తెగువను మేము తక్కువ చేయం. కానీ బంతి బాగా వేసే కూలోళ్ల పిల్లకు ఆ ఓడలో చోటుండేదా?

ఇక లార్డ్స్ సంగతి. లండన్‌లోని ఈ మైదానాన్ని క్రికెట్ గుడి అంటారు. గుళ్ల సంగతి మనకొకరు చెప్పాలా! 1998 జూలైలో అక్కడే రెండు జట్లవాళ్లూ సంతకాలు చేసిన బ్యాటును కాల్చి, ఆ బూడిదతో ఆడవాళ్ల యాషెస్ బహుమతి తయారుచేశారు. ఆ మైదానం సొంతదారు ఎంసిసి అనే క్లబ్బు. పుట్టింది 1787లో. బ్యాటు కాల్చిన నాటికి ఆ క్లబ్బులో ఒక్క ఆడమనిషికీ సభ్యత్వం లేదు. బూడిద లోపలికి వచ్చింది గానీ మనుషులు రాలేదన్నమాట. రెండు నెలల తర్వాత, సెప్టెంబరులో, ఓట్లు వేసుకుని తలుపు తీశారు. ఆడవాళ్ల వన్డే 1976లోనే అక్కడ జరిగినా, 2025 దాకా ఒక్క ఆడవాళ్ల టెస్టు మ్యాచ్ కూడా ఆ గుడిలో జరగలేదు. 2026 జూలైలో ఇండియాతో మొదటిది పెట్టాలని నిర్ణయించారు.

ఇది ఆడవాళ్ల గోడు. ఆ ఆడవాళ్లలోనే ఇంకా కింద నిలబెట్టిన వాళ్ల గోడు మరొకటుంది.

ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండు పోయిన మొట్టమొదటి క్రికెట్ జట్టు తెల్లవాళ్లది కాదు, ఆదివాసులది. 1868లో 47 మ్యాచ్‌లు ఆడారు. 14 గెలిచారు, 14 ఓడారు, 19 తేలలేదు. ఒకతను క్షయతో లండన్‌లోనే చనిపోయాడు. మరుసటి ఏడాది విక్టోరియా వలస ప్రభుత్వం ఆదివాసుల ‘రక్షణ’ చట్టం తెచ్చింది. అధికారుల అనుమతి లేకుండా ఆదివాసిని విక్టోరియా దాటించడానికి వీల్లేదంది. రక్షణ పేరుతో కాళ్లు కట్టేశారు.

ఆ తర్వాత తొంభై ఏళ్లకు ఫెయిత్ థామస్ వచ్చింది. 1933లో దక్షిణ ఆస్ట్రేలియాలోని నెపబన్నాలో పుట్టింది. ఆదివాసీ తల్లి, జర్మన్ తండ్రి. మిషనరీల అనాథాశ్రమంలో పెరిగింది. చిన్నప్పుడు పిట్టల మీదికి రాళ్లు విసిరి విసిరి చెయ్యి బంతికి అలవాటుపడిందని ఆమే చెప్పుకుంది. నర్సు చదువు చదివింది. 1958 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో ఇంగ్లండు మీద టెస్టు ఆడింది. ఏ ఆటలోనైనా ఆస్ట్రేలియా తరఫున ఆడిన మొదటి ఆదివాసీ స్త్రీ ఆమే. అప్పటికి ఆ దేశ రాజ్యాంగం ఏమంటున్నదంటే, జనాభా లెక్క కట్టేటప్పుడు ఆదివాసులను కలపవద్దని! ఆ వాక్యం 1967 రిఫరెండంలో గాని పోలేదు. దేశం కోసం బంతి వేయడానికి మనిషి, లెక్క దగ్గర మనిషి కాదు. పుణెలో పల్వంకర్ బాలూ బంతి వేస్తే వికెట్లు తీసుకున్నారు, టీ మాత్రం బయట నిలబెట్టి మట్టి ముంతలో పోశారు. ఆ కథే ఇది.

ఫెయిత్ ఆడింది ఆ ఒక్క టెస్టే. తర్వాత నర్సు పనిలోకి పోయింది. రెండో ఆదివాసీ స్త్రీ ఆస్ట్రేలియా టెస్టు జట్టులోకి రావడానికి 61 ఏళ్లు పట్టింది. ఆమె పేరు ఆష్లీ గార్డ్‌నర్, మురువారి జాతి బిడ్డ. 2019లో ఇంగ్లండు మీదే మొదటి టెస్టు. ఫెయిత్ థామస్ 2023 ఏప్రిల్‌లో కన్నుమూసింది. ఆ జూన్‌లోనే నాటింగ్‌హామ్ యాషెస్ టెస్టులో గార్డ్‌నర్ 12 వికెట్లు తీసి ఇంగ్లండును కూల్చింది. రెండో ఇన్నింగ్స్‌లోనే ఎనిమిది.

వికెట్లు తీసినందుకే గార్డ్‌నర్ గురించి రాయడం లేదు. 2023 జనవరి 26న హోబర్ట్‌లో పాకిస్తాన్‌తో మ్యాచ్ పెట్టారు. 1788లో ఇంగ్లండు ఓడలు సిడ్నీలో జెండా పాతిన రోజది. అక్కడ దాన్ని జాతీయ దినంగా చేసుకుంటారు. అది మా జాతికి నరమేధం, భూములు పోవడం మొదలైన రోజు, ఆ రోజు ఆట పెట్టడం తప్పని గార్డ్‌నర్ అందరికీ తెలిసేలా రాసింది. ఆడింది కూడా. మైదానంలో ఉండే తన జనం మాట వినిపిస్తానంది. మనకు జనవరి 26 అంటే బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు. అదే తారీఖు అక్కడి మూలవాసులకు కడుపుకోత. బోర్డు జీతం తీసుకుంటూ బోర్డును నిలదీయడం చిన్న సంగతేమీ కాదు. మన దేశంలో ఎంత పెద్ద ఆటగాడైనా ఆ పని చేస్తాడా?

ఇంగ్లండు ఏమన్నా మేలా? 2001 దాకా ఆ ఆడజట్టులో ఒక్క నల్ల అమ్మాయి లేదు, ఎబొనీ రెయిన్‌ఫోర్డ్-బ్రెంట్ వచ్చేదాకా. 2023 జూన్‌లో, యాషెస్ నడుస్తుండగానే, స్వతంత్ర కమిషన్ నివేదిక బయటపడింది. క్రికెట్‌లో జాతి వివక్ష, ఆడవాళ్ల పట్ల వివక్ష, డబ్బున్నోళ్ల పెత్తనం లోతుగా పాతుకున్నాయని తేల్చింది. సగటున మగ ఆటగాడికి వంద వస్తే ఆడమనిషికి ఇరవై పైచిలుకు. ఆగస్టుకల్లా మ్యాచ్ ఫీజు సమానం చేశారు. ఫీజు సమానమైంది గానీ సాలీనా కాంట్రాక్టు డబ్బులు కాలేదు. ఈ కిటుకు మన బోర్డుకూ తెలుసు. 2022లో ఫీజు సమానం చేసి చప్పట్లు కొట్టించుకుంది, కాంట్రాక్టుల జోలికి పోలేదు.

సంఘాల కార్యకర్తలకు ఒక మాట. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి ఊరూరా క్రికెట్ టోర్నమెంట్లు పెడుతున్నారు. మైకులు, కప్పులు, ఫ్లెక్సీలు అన్నీ ఉంటున్నాయి. ఈసారి ఆడపిల్లల జట్లకు గ్రౌండు ఏ రోజు ఇస్తున్నారో, బ్యాట్లకు చందా ఎంత పక్కన పెట్టారో మాకు రాయండి. అచ్చేస్తాం.